యూదులకు గుడి లేదు, బలి లేదు. మరి పాపం ఎలా పోతుంది?

తెనాలి_తమ్ముడు

అందరికీ నమస్తే. మాది లూథరన్ కుటుంబం. పోయిన వారం బైబిల్ స్టడీలో హెబ్రీయులకు 9:22 మీద మాట్లాడుకున్నాం. రక్తం చిందించకుండా పాపక్షమాపణ లేదనే మాట అది. వింటుంటే ఒక సందేహం వచ్చింది. యెరూషలేము దేవాలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో పడగొట్టారు. ధర్మశాస్త్రం ప్రకారం బలి అక్కడే ఇవ్వాలి, ఇంకెక్కడా ఇవ్వకూడదు. అంటే 1950 ఏళ్లకు పైగా యూదులు ఒక్క పాపపరిహార బలి కూడా ఇవ్వలేదన్నమాట. మరి వాళ్ల లెక్కలో వాళ్ల పాపాలు ఏమవుతున్నట్టు?

స్టడీలో అడిగితే "అందుకే కదా వాళ్లకు రక్షణ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది మా వైపు జవాబు. వాళ్ల జవాబు ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి. ఎవరి మతం గొప్ప అనే గొడవలోకి మాత్రం దింపకండి, ప్లీజ్.

పాతపుస్తకాల_పిచ్చి

తమ్ముడూ, ఈ ప్రశ్న వాళ్లకు మనకంటే ముందే వచ్చింది. గుడి పోయిన తరంలోనే వచ్చింది. రబ్బన్ యోహానాన్ బెన్ జక్కాయ్ అనే పెద్ద మతగురువు (రబ్బీ) శిష్యుడితో కలిసి యెరూషలేము నుంచి వస్తున్నాడు. పాడుబడిన గుడి చూసి శిష్యుడు రబ్బీ యెహోషువా "మన పాపాలకు ప్రాయశ్చిత్తం జరిగే చోటు ఇలా అయిపోయిందే" అని ఏడ్చాడు. "బాధపడకు నాయనా, దానికి సమానమైన ప్రాయశ్చిత్తం మనకు ఇంకొకటి ఉంది, సాటివాళ్లకు చేసే మేలు" అన్నాడు గురువు. హోషేయ 6:6 చూపించాడు, బలిని కాదు కనికరాన్నే కోరుతున్నాననే వచనం.

అసలు గుడి ఉన్న రోజుల్లో కూడా బలి అన్నిటికీ పనిచేసేది కాదు. లేవీయకాండము 4వ అధ్యాయం మళ్లీ చదువు. పాపపరిహార బలి ముఖ్యంగా పొరబాటున చేసినదానికి. కావాలని చేసిన చాలా తప్పులకు మేకను తీసుకెళ్లి కడిగేసుకునే దారి లేదు. అదే పుస్తకం 5:11 కూడా చూడు. గువ్వలు కొనే స్తోమత కూడా లేనివాడు గోధుమపిండి తెస్తే చాలు, అదే పాపపరిహారార్థ బలి. పిండిలో రక్తం ఎక్కడుంది? నీనెవె పట్టణస్థులు బలి ఇచ్చినట్టు యోనా గ్రంథంలో ఎక్కడా లేదు. చెడు నడత మానుకున్నారు, దేవుడు చూశాడు, శిక్ష ఆగింది. ఏడాదికోసారి పాపక్షమాపణ కోసం ఉపవాసముండే ప్రాయశ్చిత్తార్థ దినం (యోమ్ కిప్పూర్) సాయంత్రం సినగాగులో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరంలో, చదివేది సరిగ్గా ఆ గ్రంథమే.

ఇంకో తేడా కూడా చెప్పాలి. ఆదాము పాపం వారసత్వంగా మనకు వచ్చిందనే సిద్ధాంతాన్ని వాళ్లు ఒప్పుకోరు. "దేవా, నువ్వు నాలో పెట్టిన ఆత్మ నిర్మలమైనది" అని పొద్దున్నే ప్రార్థన చేస్తారు. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18 చెప్పేసిందంటారు. అలాగని మనిషి మంచివాడే అని వదిలెయ్యరు. లోపల చెడువైపు లాగేది ఒకటి, మంచివైపు లాగేది ఒకటి ఉంటాయి. ఆ చెడువైపు లాగేది కూడా దండగ కాదట. అది లేకపోతే ఎవడూ ఇల్లు కట్టడు, పెళ్లి చేసుకోడు, వ్యాపారం చేయడు అని పాత వ్యాఖ్యానం ఒకటుంది. వాళ్ల పండితుల చర్చలు కూర్చిన పెద్ద గ్రంథం తల్మూద్‌లో దాన్ని పట్టుకుని మూడు రోజులు బంధించారని కథ. దేశమంతా వెతికినా రోగికి ఇవ్వడానికి ఒక్క తాజా కోడిగుడ్డు దొరకలేదట!

ఇక అసలు సంగతి. వాళ్ల పాత ధర్మ సంకలనం మిష్నాలో, యోమా అనే భాగం చివర్లో ఉంది. మనిషి దేవుడికి చేసిన తప్పులను ప్రాయశ్చిత్తార్థ దినం తుడిచేస్తుంది. మనిషి సాటి మనిషికి చేసిన తప్పులను ఆ రోజు తుడవదు, ముందు వెళ్లి ఆ మనిషిని శాంతపరచాల్సిందే. ఎంత ఏడ్చినా, ఎంత ఉపవాసం చేసినా అంతే. నువ్వు అడిగినది బలి గురించి కదా. వాళ్లు రెండు వేల ఏళ్లుగా బుర్ర పెట్టింది ఈ రెండో రకం మీద.

డల్లాస్_బాబాయ్

ఓహో, ఇదా సంగతి. మా టీమ్‌లో ఒక యూదు అమ్మాయి ఉంది. ఏటా సెప్టెంబరు దాటుతుండగా "ఈ ఏడాదిలో తెలిసో తెలియకో నిన్ను నొప్పించి ఉంటే క్షమించు" అని మెసేజ్ పెడుతుంది. మొదటిసారి నాకు టెన్షన్ వచ్చింది, ఈ పిల్ల నా గురించి మేనేజర్‌కి ఏం చెప్పిందో అని. నేను "నో ప్రాబ్లమ్, హ్యాపీ న్యూ ఇయర్" అని పెట్టాను. మన సంక్రాంతి ఫార్వర్డులాగే అందరికీ ఒకేసారి పంపేస్తారా ఇది?

నెతన్యా_నుంచి

అన్నా, పంపుతారు. ఇక్కడ ఆ వారం వాట్సాప్ నిండా అవే. మాది జగిత్యాల వైపు. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తున్నాను. నేను చూసుకునే పెద్దావిడకు ఆ మెసేజులంటే మంట. "అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే" అంటుంది. ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. పేరు పేరునా, ఫలానా రోజు ఫలానా మాట అన్నాను అని చెప్పి మరీ అడుగుతుంది. పోయినేడు ఆడబిడ్డకు చేస్తే ఆమె అటునుంచి తిట్టిపోసి పెట్టేసింది. మా పెద్దావిడ అరగంట ఆగి మళ్లీ చేసింది.

ప్రాయశ్చిత్తార్థ దినం రోజు ఇక్కడ ఎలా ఉంటుందో చెప్పినా నమ్మరు. బస్సుల్లేవు, రైళ్లు లేవు, దుకాణాల్లేవు, టీవీ చానళ్లు ప్రసారం ఆపేస్తాయి, విమానాశ్రయం కూడా మూసేస్తారు. హైవేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ తిరుగుతారు. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేనివాళ్లు కూడా ఆ రోజు కారు తీయరు. ముందురోజు పొద్దుగూకకముందు మొదలై తెల్లారి చీకటి పడేదాకా, దాదాపు 25 గంటలు, చుక్క నీళ్లు కూడా ముట్టరు. స్నానం లేదు, ఒంటికి నూనె లేదు, తోలు చెప్పులు వేసుకోరు. సినగాగుకు పోయేటప్పుడు చాలామంది తెల్లబట్టలకు రబ్బరు చెప్పులు వేసుకుంటారు, చూడ్డానికి వింతగా ఉంటుంది.

మా పెద్దావిడకు షుగరు. డాక్టరు ఉపవాసం వద్దన్నాడు. వాళ్ల రబ్బీని అడిగితే ఆయనా తినమనే అన్నాడు, ప్రాణం మీదికి వచ్చేలా ఉపవాసం చేస్తే అదే తప్పట. ఒక్కసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా, మధ్యమధ్య కొన్ని నిమిషాలు ఆగి తినాలి. నేను గడియారం పట్టుకుని చిన్న గ్లాసుతో నీళ్లు ఇస్తుంటాను.

కృష్ణలంక_కుర్రోడు

ఏమనుకోకండి గానీ, ఇది బాగానే ఉంది వరస. 364 రోజులు ఇష్టమొచ్చినట్టు చెయ్, ఒక్కరోజు పస్తుండి కడిగేసుకో. మళ్లీ ఏడాది మొదలు. ఏ మతంలో చూసినా ఇదే స్కీము.

పాతపుస్తకాల_పిచ్చి

ఆ స్కీము మూసేశారు బాబూ. అదే మిష్నాలో, పైన చెప్పిన వాక్యానికి ముందే ఉంది. "పాపం చేస్తాను, తర్వాత పశ్చాత్తాపపడతాను" అని లెక్క వేసుకునేవాడికి పశ్చాత్తాపపడే అవకాశమే దొరకదు. "పాపం చేస్తాను, ప్రాయశ్చిత్తార్థ దినం చూసుకుంటుందిలే" అనేవాడికి ఆ రోజు పనిచేయదు.

12వ శతాబ్దంలో మైమోనిడిస్ దీన్ని ఇంకా బిగించాడు. స్పెయిన్‌లో కొర్డోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు, న్యాయవేత్త ఆయన. తన ధర్మశాస్త్ర సంకలనంలో పశ్చాత్తాపానికే పది అధ్యాయాలు కేటాయించాడు. తప్పు మానెయ్యాలి, చేసినదానికి బాధపడాలి, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలి, ఇవన్నీ నోటితో పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు. సంపూర్ణ పశ్చాత్తాపానికి ఆయన పెట్టిన పరీక్ష మరీ కఠినం. అదే తప్పు చేసే అవకాశం మళ్లీ రావాలి. అదే ఊరు, అదే మనిషి, అదే కోరిక, చేయగల సత్తా కూడా ఉండాలి. భయంతోనో నీరసంతోనో కాకుండా, మారాడు కాబట్టి చేయకుండా ఉండాలి. ముసలితనంలో ఓపిక పోయాక మానేసినా చెల్లుతుంది, కానీ అది మేలురకం కాదంటాడు.

ప్లీడరు_బాబు

నాకు ఈ మతం సంగతులు పెద్దగా పట్టవు గానీ, వీళ్ల సివిల్ బుర్ర చూస్తే ముచ్చటేస్తుంది. చదివినవి కొన్ని చెబుతాను.

దొంగ ఒకడు ఒక దూలం ఎత్తుకొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత బుద్ధి మారింది. దొంగసొత్తు తిరిగి ఇవ్వకుండా పశ్చాత్తాపం చెల్లదు. ఏం చేయాలి? పాతకాలపు ఇద్దరు పెద్ద పండితుల్లో షమ్మాయి శిష్యులు "ఇల్లు కూల్చి ఆ దూలమే తెచ్చి ఇవ్వు" అన్నారు. హిల్లేల్ శిష్యులు "ధర కట్టి ఇస్తే చాలు" అన్నారు. ఇల్లు కూల్చమంటే ఏ దొంగా మారడు, వాళ్లకు దారి తెరిచి ఉంచాలని వాళ్ల కారణం. చివరికి హిల్లేల్ వైపు మాటే నిలిచింది. సొంతదారుడి హక్కును కొంచెం తగ్గించి దొంగ మారడానికి వీలు కల్పించారు. మన సెక్షన్లలో ఈ ఆలోచన ఎక్కడైనా ఉందేమో చూపించండి.

ఇంకో కేసు. దొంగ ఒకడు మారిపోదామనుకున్నాడు. పెళ్లాం అంది, "ఓరి వెర్రివాడా, నువ్వు మారితే ఆ నడికట్టు కూడా నీది కాదు!" ఒంటి మీదున్నదంతా దొంగసొత్తే మరి. దాంతో వాడు ఆ ఆలోచనే మానుకున్నాడు. ఆ సంఘటన తర్వాత పండితులు ఒక మాట పెట్టారు. దొంగలు, వడ్డీ వ్యాపారులు మారి సొమ్ము తిరిగి ఇవ్వబోతే తీసుకోకండి, తీసుకున్నవాడిని చూసి పండితులు మెచ్చుకోరు అని. తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత వీడిది, వద్దనే పెద్దమనసు వాడిది.

ఎవరిని దోచాడో తెలియకపోతే? పన్నులు వసూలు చేసేవాళ్లు, తూకంలో మోసం చేసిన దుకాణందారు, ఇలాంటివాళ్లకు పశ్చాత్తాపం కష్టమన్నారు. వందలమందిలో ఎవరికని ఇస్తారు? వాళ్లు ఊరికి పనికొచ్చే పనులు చేయాలి. బావులు, నీటి తొట్లు తవ్వించాలి. మోసపోయినవాళ్లలో కొందరైనా ఆ నీళ్లు తాగుతారని. బాధితుడు చనిపోతే బాకీ వారసులకు కట్టాలి, వారసులు లేకపోతే కోర్టులో డిపాజిట్ చేయాలి. మాట పడి చనిపోయినవాడైతే పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లి, వాళ్ల ముందు తప్పు ఒప్పుకోవాలి. చనిపోయినవాళ్ల గురించిన ఈ మాటలు మైమోనిడిస్ పశ్చాత్తాపం మీద రాసిన రెండో అధ్యాయంలో ఉన్నాయి.

సరళరేఖ

మీరంతా మురిసిపోతున్నారు గానీ నాకు ఒకటి గుచ్చుకుంటోంది. నేనూ ఆ రెండో అధ్యాయం చదివాను. తప్పు చేసినవాడు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి క్షమించమని అడగాలి. ఒప్పుకోకపోతే మళ్లీ, ఇంకా ఒప్పుకోకపోతే మళ్లీ. మూడుసార్లు అయ్యాక వాడు వెళ్లిపోవచ్చు, ఇక పాపాత్ముడు క్షమించనివాడే! పైగా క్షమించకపోవడం క్రూరత్వం, నిషిద్ధం అనే మాట కూడా ఉంది.

ఇది నాకు బాగా తెలిసిన దృశ్యం. పెద్దమనుషులు నలుగురు అరుగు మీద కూర్చుని "సర్లేమ్మా, తప్పయిందంటున్నాడుగా, ఇంకా ఏంటి" అంటారు. దెబ్బ తిన్న మనిషి ఒకవైపు, మిగతా ఊరంతా ఒకవైపు. చివరికి ఆడమనిషి మొండిది అని పేరు. ముగ్గురు మూడుసార్లు వస్తే మొత్తం తొమ్మిది మంది ఒత్తిడి. మీ హిల్లేల్ గారు దొంగకు దారి తెరిచారు, సంతోషం. దెబ్బ తిన్నవాళ్లకు తలుపేసుకునే హక్కు ఎక్కడుంది?

పాతపుస్తకాల_పిచ్చి

సరళ గారూ, మీ అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. ఆ సంప్రదాయంలోనే దానికి జవాబులు కొన్ని ఉన్నాయి, అన్నీ సరిపోతాయని నేననను.

ఒకటి, పరువు తీసినవాడిని క్షమించనక్కర్లేదు. 16వ శతాబ్దంలో క్రాకోవ్‌లో ఉన్న రబ్బీ మోషె ఇస్సర్లెస్ దీన్ని ధర్మశాస్త్రంలోనే రాసిపెట్టాడు. లేనిపోని నింద వేస్తే అది ఎవరెవరి చెవిన పడిందో, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు, అందుకని. రెండు, డబ్బు బాకీ ఉండగా "సారీ" చెల్లదు. ముందు కట్టాలి, ఆ తర్వాతే అడగాలి.

కథలు మాత్రం శాస్త్రంకంటే చిక్కుగా ఉంటాయి. బాబిలోనియాలో రావ్ అనే మహాపండితుడు ఉండేవాడు. ఒక కసాయివాడు ఆయనకు ఏదో తప్పు చేశాడు. ప్రాయశ్చిత్తార్థ దినం ముందురోజు వరకూ క్షమాపణ అడగడానికి రాలేదు. రావ్ అనుకున్నాడు, "వాడు రాకపోతే నేనే వెళ్లి శాంతపరుస్తాను." దారిలో ఆయన శిష్యుడు రావ్ హూనా ఎదురై ఎక్కడికని అడిగాడు. విషయం విని "అబ్బా ఒకడిని చంపడానికి వెళ్తున్నాడు" అనుకున్నాడు (అబ్బా అంటే రావ్ అసలు పేరు). రావ్ వెళ్లి కసాయి ఎదురుగా నిలబడ్డాడు. అతను ఒక పశువు తల నరుకుతున్నాడు. తలెత్తి చూసి "నువ్వా? పో, నీతో నాకేం పని లేదు" అన్నాడు. నరుకుతుండగా ఎముక ముక్క ఎగిరి గొంతులో గుచ్చుకుని కసాయి చచ్చిపోయాడు.

తల్మూద్ దీనికి నీతి చెప్పదు. కసాయి పొగరుకు శిక్ష పడిందని కొందరు చదువుతారు. నాకు మాత్రం హూనా మాటే ముఖ్యమనిపిస్తుంది. పెద్దమనిషి తన మంచితనం పట్టుకుని అవతలివాడి గుమ్మంలోకి వెళ్లి నిలబడటం కూడా హింసే కావచ్చు. మీరు చెప్పిన అరుగు పంచాయితీ ఇదే కదా.

దాని పక్కనే ఇంకో కథ. ఇదే రావ్ కుర్రతనంలో గురువుగారి ముందు పాఠం చదువుతున్నాడు. ఒక పెద్దాయన వచ్చాడు, రావ్ ఆయన కోసం మళ్లీ మొదటినుంచి చదివాడు. ఇంకొకాయన వచ్చాడు, మళ్లీ మొదటినుంచి. మూడో ఆయనకూ అంతే. నాలుగో మనిషిగా రబ్బీ హనీనా వచ్చేసరికి విసుగొచ్చి "ఎన్నిసార్లు వెనక్కి వెళ్లను" అని ఆపకుండా సాగించాడు. హనీనా నొచ్చుకున్నాడు. రావ్ 13 ఏళ్లు, ప్రతి ప్రాయశ్చిత్తార్థ దినం ముందురోజూ వెళ్లి అడిగాడు. హనీనా ఒప్పుకోలేదు! మూడుసార్లు చాలు కదా, 13 ఏళ్లేమిటి అని తల్మూద్ తనే అడిగి, రావ్ సంగతి వేరు అని జవాబిస్తుంది. హనీనా ఎందుకు ఒప్పుకోలేదంటే, రావ్ పెద్ద పదవికి వస్తాడని ఆయనకు కల వచ్చిందట. అలిగినట్టు ఉంటే ఇతను బాబిలోనియా వెళ్లి అక్కడ పెద్దవాడవుతాడని అలా చేశాడట. ఈ సంజాయిషీ నాకు అతికించినట్టే ఉంది. 13 ఏళ్లు క్షమించని పండితుడిని క్రూరుడు అనలేక చెప్పిన మాటలా ఉంటుంది.

హలీం_సెంటర్

మా దగ్గరా దాదాపు ఇంతే భాయ్. తౌబాకి (పశ్చాత్తాపానికి) మూడు షరతులు, తప్పు వదిలెయ్యాలి, సిగ్గుపడాలి, మళ్లీ చేయననుకోవాలి. అందులో ఇంకో మనిషి హక్కు ఉంటే నాలుగోది, వాళ్లది వాళ్లకు తిరిగి ఇవ్వాలి లేదా వాళ్లతో మాఫ్ చేయించుకోవాలి. హజ్‌కు వెళ్లేముందు మావాళ్లు బాకీలు తీర్చి, ఇంటింటికీ వెళ్లి "కహా సునా మాఫ్" (అన్నవీ విన్నవీ మన్నించండి) అని అడిగేది అందుకే. ఓల్డ్ సిటీలో చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మైమోనిడిస్ గారు బతికింది కూడా ముస్లిం పాలనలోనే, రాసినవాటిలో చాలా భాగం అరబ్బీలోనే.

తెనాలి_తమ్ముడు

అందరికీ థాంక్స్, నేను అడిగినదానికంటే చాలా వచ్చింది. పిండి సంగతి ఆదివారం తీసుకెళ్తాను, ఏమంటారో చూడాలి. ఇంకో ప్రశ్న. బాధితుడే క్షమించాలంటే, హత్య సంగతేంటి? క్షమించాల్సిన మనిషే లేడు కదా. సిలువ మీద దొంగకు దొరికినట్టు చివరి నిమిషంలో దొరకదా?

ప్లీడరు_బాబు

దేవుడితో సంబంధం మేరకు చివరి రోజున కూడా తలుపు తెరిచే ఉంటుంది, మైమోనిడిస్ అది ఒప్పుకుంటాడు. మనిషి వైపు బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి నిజంగా జరిగిన ఒకటి చెబుతాను. నాజీల కాలంలో లెంబెర్గ్ నగరంలో సైమన్ వీజెంథాల్ అనే యూదు ఖైదీని ఒక ఆసుపత్రి గదికి తీసుకెళ్లారు. అక్కడ ఒళ్లంతా కట్లతో చావుబతుకుల్లో ఉన్న, హిట్లర్ ఎస్సెస్ దళం సైనికుడు. యూదులను ఒక ఇంట్లోకి తోలి తగలబెట్టినప్పుడు తానూ ఉన్నానని చెప్పుకుని, ఒక యూదుడి నోటి నుంచి క్షమించానన్న మాట వినాలని వేడుకున్నాడు. వీజెంథాల్ ఏమీ అనకుండా బయటికి వచ్చేశాడు. యుద్ధం తర్వాత ఎంతోమంది మేధావులను అడిగాడు, నేను చేసింది సరైనదేనా అని.

జవాబుగా రబ్బీ అబ్రహాం హెషెల్ ఒక కథ చెప్పాడు. బ్రిస్క్ ఊరి పెద్ద రబ్బీ హయ్యిం రైల్లో వస్తున్నాడు. పొట్టిగా, మామూలుగా ఉంటాడు. పెట్టెలో వ్యాపారులు పేకాడుతున్నారు. ఈయన ఆటకు రాకపోతే ఒకడు ఆ పెట్టెలోంచి బయటికి నెట్టాడు. ఊరు చేరాక ఆయన ఎవరో తెలిసి కాళ్లబేరానికి వచ్చాడు. ఎన్నిసార్లు అడిగినా రబ్బీ క్షమించలేదు. కొడుకు వచ్చి మూడుసార్లు అడిగితే క్షమించాలి కదా నాన్నా అన్నాడు. ఆయన జవాబు, "నేనెవరో వాడికి తెలియదు. వాడు అవమానించింది ఒక అనామకుడిని. వెళ్లి ఆ అనామకుడినే అడగమను."

చచ్చినవాళ్ల తరఫున సంతకం పెట్టే హక్కు బతికినవాళ్లకు లేదు. డబ్బు దగ్గర కూడా ఇదే గొడవ వచ్చింది. 1952 సెప్టెంబరులో నాజీలు చేసిన నష్టానికి పరిహారంగా పశ్చిమ జర్మనీ, ఇజ్రాయెల్ లక్సెంబర్గ్ ఒప్పందం చేసుకున్నాయి. ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు. అంతకుముందు జనవరిలో ప్రతిపక్ష నాయకుడు మెనాహెం బెగిన్ జనాన్ని పోగేసి వ్యతిరేకించాడు, పార్లమెంటు మీద రాళ్లు పడ్డాయి. రక్తానికి ధర కట్టి క్షమించేస్తున్నారా అని ఆయన కోపం. దోచుకున్న ఆస్తికి బదులు తీసుకుంటున్నాం, చంపినదానికి కాదు అని ప్రధాని బెన్ గురియన్ వైపు వాదన. పైన దూలం కేసు చదివినవాళ్లకు ఆ తేడా అర్థమవుతుంది.

డల్లాస్_బాబాయ్

మరి కోడిని తల చుట్టూ తిప్పే వీడియో ఒకటి చూశాను, అదేంటి? న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. అచ్చం మా నాయనమ్మ దిష్టి తీసినట్టే ఉంది.

పాతపుస్తకాల_పిచ్చి

హహ, చూడగానే నాకూ అదే అనిపించింది. దాన్ని కపారోత్ అంటారు. మగవాళ్లకు పుంజు, ఆడవాళ్లకు పెట్ట. మూడుసార్లు తిప్పి, కోసి, పేదలకు ఇచ్చేస్తారు. బార్సిలోనాలో రష్బా అనే పండితుడు 13వ శతాబ్దంలోనే దీన్ని అన్యాచారం అన్నాడు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో అనే ధర్మశాస్త్ర పండితుడు మానెయ్యమన్నాడు. మన ఇస్సర్లెస్ గారు మాత్రం మావాళ్ల ఆచారం, ఉండనివ్వండి అన్నాడు. ఇప్పుడు చాలామంది కోడి బదులు డబ్బు రుమాల్లో కట్టి తిప్పి దానం చేస్తారు. పండితులు ఎంత తిట్టినా జనానికి చేత్తో పట్టుకుని చేసేది ఒకటి కావాలి. కొత్త సంవత్సరం రోజున నీళ్ల ఒడ్డుకు వెళ్లి పాపాలు వదిలేసే ఆచారమూ అలాంటిదే, దానికి మీకా 7:19 ఆధారం చూపిస్తారు.

చేబ్రోలు_చెరువు

ఇంతసేపూ ఎవరూ అనలేదేం, మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు కదా! బెనె ఎఫ్రాయీం అంటారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయీం గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. వాళ్లకు చిన్న సినగాగు కూడా ఉంది. చాలా కుటుంబాలు కూలి పనుల మీద బతికేవే. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్లను ఇంకా అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. తమ్ముడూ, తెనాలి నుంచి ఎంత దూరం, ఇక్కడ మమ్మల్ని అడిగే బదులు ఒకసారి వెళ్లి వాళ్లనే అడగొచ్చు.

సరళరేఖ

పుస్తకాల గారూ, కసాయి కథకు థాంక్స్. నిజంగానే ఆలోచనలో పడ్డాను. చివరిగా ఒకటి. మైమోనిడిస్ పరీక్ష అన్నారు, అదే అవకాశం మళ్లీ వచ్చినా చేయకూడదని. అధికారంలో ఉండి తప్పు చేసినవాడి సంగతి? మారాడో లేదో తెలుసుకోవడానికి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెడతారా? పిల్లల మీద చెయ్యి వేసినవాడికి మళ్లీ బడి అప్పగిస్తారా?

పాతపుస్తకాల_పిచ్చి

లేదండీ. ఆ పరీక్ష వాడి ఆత్మకు, ఎవరూ కావాలని ఏర్పాటు చేసేది కాదు. పదవి వేరే లెక్క. మైమోనిడిస్ న్యాయస్థానాల భాగంలో స్పష్టంగా రాశాడు. పండితసభకు అధిపతి అయినవాడు పాపం చేస్తే అందరిలాగే కొరడాదెబ్బలు తింటాడు, తర్వాత ఆ పదవికి తిరిగి రాడు, సభలో మామూలు సభ్యుడిగా కూడా రాడు. ఎంత పశ్చాత్తాపపడినా అంతే.

దీనికి ఎదురు తిరిగే కథ కూడా ఉంది. మారినవాడికి పాత సంగతులు గుర్తుచేసి పొడవకూడదని మిష్నా నిషేధం. రేష్ లాకీష్ ఒకప్పుడు బందిపోటు, తర్వాత మహాపండితుడు. కావాలని చేసిన పాపాలు కూడా ప్రేమతో మారితే పుణ్యాలవుతాయన్నది ఆయనే. ఒకరోజు కత్తులు, బాకుల గురించి చర్చలో ఆయన బావమరిది, గురువు రబ్బీ యోహానాన్ "దొంగకు దొంగతనం బాగా తెలుసులే" అన్నాడు. రేష్ లాకీష్ మంచం పట్టి చనిపోయాడు. యోహానాన్ ఆ దిగులుతో మతి చలించి చనిపోయాడు. కాబట్టి మారినవాడిని దొంగా అనకూడదు, పండితుడిగా నిలబెట్టొచ్చు. సభకు అధిపతిగా ఉండి తప్పు చేసినవాడు మాత్రం ఆ కుర్చీకి రాకూడదు.

ప్లీడరు_బాబు

అదే అధ్యాయంలో ప్రధాన యాజకుడు తప్పు చేస్తే కొరడాదెబ్బల తర్వాత తన పదవికి తిరిగి వస్తాడని ఉంది. ఆయనకో రూలు, సభాధిపతికో రూలా? ఎందుకు?

పాతపుస్తకాల_పిచ్చి

యాజకత్వం పుట్టుకతో వచ్చేది, సభాధిపత్యం మనుషులు ఇచ్చేది అని నేను అర్థం చేసుకున్నాను, ఇది నా ఊహే. యెరూషలేము తల్మూద్‌లో రబ్బీ హగ్గాయి చెప్పిన కారణం ఇంకా సూటిగా ఉంది. ఆ అధిపతిని మళ్లీ కుర్చీ ఎక్కిస్తే, తనకు కొరడాదెబ్బలు వేయించినవాళ్లను చంపేస్తాడట.

సరళరేఖ

హగ్గాయి గారు మా ఆఫీసులో పనిచేసినట్టున్నారు.

నెతన్యా_నుంచి

డల్లాస్ అన్నా, ఈసారి ఆ అమ్మాయి మెసేజ్ పెడితే "హ్యాపీ న్యూ ఇయర్" అనకు, వాళ్ల కొత్త సంవత్సరం అప్పటికే అయిపోతుంది. "గ్మార్ హతిమా తోవా" (నీకు మంచి ముద్ర పడాలి అని) అను, ఇక్కడ అందరూ అదే అంటారు. ఆమె నిన్ను నిజంగా ఏమైనా అన్నదేమో కూడా అడుగు.